కాకినాడ నుంచి ముంబయికి, సింగపూర్ మీదుగా

2025 జూన్‌లో ఒక రాత్రి. కంప్యూటర్ ఆటలో నేను గోడ మూలన నక్కి, ఎదుటి సందు మీద గురిపెట్టి ఉన్నాను. సందులో ఎవరూ లేరు. మరుక్షణం నేను చనిపోయినట్టు తెర మీద పడింది. "ఒరేయ్, వాడు వచ్చి నీ ఎదురుగా నిలబడ్డాడు. నువ్వు చూస్తూ ఉండిపోయావు" అన్నాడు వరంగల్ నుంచి ఆడుతున్న మిత్రుడు. వాడి తెర మీద ఆ శత్రువు సందు పొడుగునా నడిచి వచ్చాడు. నా తెర మీద సందు ఖాళీగానే ఉంది. ఇద్దరం చూసిందీ నిజమే. కాకపోతే నా దాకా వచ్చేసరికి ఆ నిజం పాతబడిపోయింది.

మేం ఐదుగురం. ఇంజినీరింగ్‌లో ఒకే హాస్టల్‌లో ఉన్నాం. చదువు ముగిసి పదకొండేళ్ళయింది. నేను కాకినాడలో పాలిటెక్నిక్ లెక్చరర్‌ని. మిగతావాళ్ళు వరంగల్, హైదరాబాద్, బెంగళూరు, లండన్‌లలో ఉన్నారు. భోజనాలయ్యాక రాత్రి తొమ్మిదికి కూర్చుని పదకొండు దాకా వాలరంట్ అనే తుపాకుల ఆట ఆన్‌లైన్‌లో ఆడతాం. లండన్‌లో ఉన్నవాడు శని, ఆదివారాల్లో కలుస్తాడు. ఒక రౌండుకూ ఇంకో రౌండుకూ మధ్య ఆయుధాలు కొనుక్కోవడానికి ఇచ్చే అర నిమిషంలోనే ఒకడి తండ్రికి ఆపరేషన్ ఎలా జరిగిందో, ఇంకొకడి కూతురు బడికి వెళ్ళనని ఎంత ఏడ్చిందో తెలుస్తుంది. అలాగని ఆట వట్టి సాకు కాదు. ఆట మాకు నిజంగా ఇష్టం. బాగా ఆడాలని ఉంటుంది, గెలవాలని ఉంటుంది.

ఈ ఆటకు మన దేశంలో సర్వర్లు ముంబయిలో ఉన్నాయి. మా ఇంటి నుంచి ముంబయికి ఒక ప్యాకెట్, అంటే డేటా చిన్న మూట, వెళ్ళి, దాని జవాబు తిరిగి రావడానికి పట్టే సమయమే పింగ్. రెండేళ్ళుగా నా పింగ్ 34 నుంచి 38 మిల్లీసెకండ్ల మధ్య కదలకుండా ఉండేది. ఆ జూన్ నుంచి రాత్రి ఎనిమిది దాటగానే 130కి పైగా పోసాగింది. ఈ ఆట సర్వర్ సెకనుకు 128 సార్లు లెక్క కడుతుంది. అంటే సుమారు ఎనిమిది మిల్లీసెకండ్లకు ఒకసారి ఎవరు ఎక్కడ ఉన్నారో, ఏ గుండు ఎవరికి తగిలిందో తేలుస్తుంది. నా మాట సర్వర్‌కు చేరి, దాని మాట నాకు అందేలోపు అలాంటి లెక్కలు పదిహేడు గడిచిపోతున్నాయన్నమాట.

మిత్రులు ఏమీ అనలేదు. అనకపోవడమే నాకు బాధగా తోచింది. మొదట్లో "ఏమైందిరా?" అని అడిగేవాళ్ళు. తర్వాత కీలకమైన చోట్ల నన్ను నిలబెట్టడం మానేశారు. నెలాఖరుకు హైదరాబాద్ వాడు తన తమ్ముడిని అప్పుడప్పుడు పిలవడం మొదలుపెట్టాడు. "నువ్వు అలిసిపోయి ఉంటావులే" అనేవాడు. నేను అలిసిపోలేదు.

తప్పు ముందు మన ఇంట్లోనే వెతకాలని వైఫై మానేసి, ఇరవై మీటర్ల కేబుల్ కొని హాలు నుంచి నా గదికి లాగాను. ఎవరైనా ఫోటోలు ఎక్కిస్తుంటే అప్‌లోడ్ వరస నిండిపోయి ఆట ప్యాకెట్లు వెనకబడతాయి కాబట్టి, ఆడే సమయానికి అందరి ఫోన్లకూ ఇంట్లో నెట్ ఆపించాను. మా అమ్మ రెండు రోజులు ఊరుకుని మూడో రోజు, "నా భక్తి ఛానల్ నీకేం అడ్డమురా?" అని అడిగింది. అడ్డం కాదని తేలిపోయింది. పింగ్‌లో ఏ మార్పూ లేదు.

మా నెట్ కంపెనీ కస్టమర్ కేర్‌కు ఫోన్ చేస్తే స్పీడ్ టెస్ట్ పెట్టమన్నారు. 98 ఎంబీపీఎస్ వచ్చింది. "మీది 100 ప్లానే కదండీ, నెట్ బాగానే ఉంది" అన్నారు. వాళ్ళతో మాట్లాడిన ప్రతిసారీ ఈ మాట దగ్గరే ఆగిపోయేది. ఆ పరీక్ష మాకు దగ్గర్లోని, ఆ కంపెనీ నెట్‌వర్క్‌లోనే ఉన్న సర్వర్‌ను ఎంచుకుంటుంది. గొట్టంలో ఎన్ని నీళ్ళు పడుతున్నాయో అది చెబుతుంది కానీ, నీళ్ళు ఏ ఊళ్ళు తిరిగి వస్తున్నాయో చెప్పదు. ఆటకు కావలసిన డేటా చాలా కొంచెం. అది వేళకు రావడమే ముఖ్యం.

మరుసటి రోజు లైన్‌మన్ కుర్రాడు వచ్చాడు. మోడెంలోంచి సన్నటి ఫైబర్ తీసి మీటర్‌లో పెట్టి చూశాడు. "పవర్ మైనస్ 19 ఉంది మాస్టారూ, ఇంతకన్నా మంచి లైన్ ఈ వీధిలో లేదండి" అన్నాడు. నా కంప్యూటర్‌లో పింగ్ చూపించాను. 36. అతను వచ్చింది ఉదయం పదకొండున్నరకు. మరో రెండుసార్లు వచ్చినప్పుడూ పగలే వచ్చాడు, పగలంతా 36 ఉండేది. అతని తప్పు ఏమీ లేదు, అతని డ్యూటీ సాయంత్రం ఆరుకు ముగుస్తుంది. జబ్బు మాత్రం ఎనిమిదికి మొదలవుతుంది.

అప్పుడు నేను విద్యార్థులకు చెప్పే పాఠమే నా ఇంట్లో అమలుచేశాను. తెర మీద మూడు కిటికీలు పక్కపక్కన తెరిచి, మూడు చోట్లకు ఆపకుండా పింగ్ పెట్టాను. ఒకటి మా రౌటర్‌కు, ఒకటి మా ఇల్లు దాటాక వచ్చే కంపెనీ మొదటి పరికరానికి, ఒకటి ముంబయికి. రాత్రి ఎనిమిదింబావుకు మొదటి కిటికీలో 1 లోపు, రెండో దాంట్లో 3. రెండూ కదల్లేదు. మూడోదాంట్లో 37, 37, 36, తర్వాత ఒక్కసారిగా 133. మెల్లగా పెరగలేదు, గెంతింది. అది చూడగానే నాకు అనుమానం మారింది. రద్దీ వల్ల పెరిగితే అంకెలు ఎగుడుదిగుడుగా ఉంటాయి. ఇలా ఒక మెట్టు ఎక్కి అక్కడే నిలబడిందంటే ప్యాకెట్ దారి మారి ఉండాలి.

దారి చూడటానికి ట్రేస్‌రూట్ ఉంది. అది పనిచేసే తీరు నాకెప్పుడూ ముచ్చటగా ఉంటుంది. ప్రతి ప్యాకెట్ మీద ఇంకా ఎన్ని రౌటర్లు దాటవచ్చో ఒక అంకె ఉంటుంది. దాటిన ప్రతి రౌటర్ అందులోంచి ఒకటి తగ్గిస్తుంది. అంకె సున్నా అయితే ఆ రౌటర్ ప్యాకెట్‌ను పారేసి, "నా దగ్గర అయిపోయింది" అని కబురు పంపుతుంది. ట్రేస్‌రూట్ ముందు 1 అంకెతో, తర్వాత 2తో, 3తో ప్యాకెట్లు పంపుతూ, కబురు పంపిన వాళ్ళ పేర్లు వరసగా రాసుకుంటుంది. దారి పొడుగునా ఒక్కో మైలురాయినీ తట్టి చూసినట్టు.

ఆ రాత్రి నా తెర మీద వచ్చిన వరసలు నాకు ఇప్పటికీ కంఠస్థమే. మొదటిది మా రౌటర్. రెండోది 100.64తో మొదలయ్యే ఇంటర్నెట్ చిరునామా. అంటే ఒకే పబ్లిక్ చిరునామాను కంపెనీ ఎన్నో ఇళ్ళకు పంచుతోందని అర్థం. మూడూ నాలుగూ కంపెనీ లోపలివి. ఐదో దాని పేరులో ఎంఏఏ అనే మూడు అక్షరాలు ఉన్నాయి, 17 మిల్లీసెకండ్లు. ఆరో వరసలో మూడు చుక్కలు. ఏడో దాని పేరులో ఎస్ఐఎన్. 52 మిల్లీసెకండ్లు. ఎనిమిదో వరస దాటి తొమ్మిదోది ముంబయి, 134.

నెట్‌వర్క్ ఇంజినీర్లు రౌటర్లకు పేరు పెట్టేటప్పుడు చాలాచోట్ల ఆ ఊరి విమానాశ్రయం కోడ్ వాడతారు. ఎంఏఏ చెన్నై, ఎస్ఐఎన్ సింగపూర్. పేరు ఒక్కటే చూసి నమ్మకూడదు, పాత పేర్లు మార్చకుండా వదిలేసే వాళ్ళూ ఉంటారు. కానీ ఇక్కడ అంకె కూడా పేరుకు సాక్ష్యం చెబుతోంది. గాజుతీగలో కాంతి సెకనుకు సుమారు 2 లక్షల కిలోమీటర్లు పోతుంది. అంటే వెయ్యి కిలోమీటర్ల దూరం వెళ్ళి రావడానికి 10 మిల్లీసెకండ్లు. చెన్నై నుంచి సింగపూర్ 2,900 కిలోమీటర్ల పైచిలుకు. సముద్రం అడుగున కేబుల్ వంపులతో కలుపుకుంటే వెళ్ళి రావడానికి ముప్ఫైకి పైన పడుతుంది. 17కూ 52కూ మధ్య తేడా 35. సరిగ్గా సరిపోయింది.

కాకినాడ నుంచి ముంబయి గగనమార్గాన సుమారు వెయ్యి కిలోమీటర్లు. నా ప్యాకెట్ చెన్నైకి దిగి, బంగాళాఖాతం దాటి సింగపూర్ వెళ్ళి, అక్కడి నుంచి శ్రీలంక దిగువగా చుట్టి అరేబియా సముద్రంలోకి వచ్చి ముంబయి చేరుతోంది. ఆ వారం ఒక సాయంత్రం బీచ్‌కు వెళ్ళి సముద్రం వైపు చూస్తూ చాలాసేపు కూర్చున్నాను. నా వేలు మౌస్ మీద నొక్కిన ఒక్క నొక్కు ఈ నీళ్ళ అడుగున పోయి వస్తోందని అనిపించినప్పుడు కోపం, ఆశ్చర్యం కలిసి వచ్చాయి. దేశంలోని ట్రాఫిక్ దేశంలోనే చేతులు మారాలని 2003లోనే నిక్సీ అనే సంస్థను పెట్టుకున్నాం. ఇరవై రెండేళ్ళ తర్వాత కూడా ఒక భారతీయ ఇంటి నుంచి ఇంకో భారతీయ నగరానికి పోయే మాట విదేశం మీదుగా పోవడం నాకు అన్యాయంగానే తోచింది, ఇప్పటికీ అలాగే తోస్తుంది.

ఇలా ఎందుకు జరుగుతుందో చాలామంది అనుకునేది వేరు. ఇంటర్నెట్ దగ్గరి దారి తనంతట తానే వెతుక్కుంటుందని అనుకుంటారు. కంపెనీల మధ్య దారులను నిర్ణయించే బీజీపీ అనే పద్ధతికి మిల్లీసెకండ్లతో పని లేదు. "ఈ చిరునామాలకు నా ద్వారా పోవచ్చు" అని ఒక నెట్‌వర్క్ ఇంకో నెట్‌వర్క్‌కు చాటింపు వేస్తుంది. విన్నవాళ్ళు తమకు ఏ ఒప్పందం లాభమో, ఏ లింకులో ఖాళీ ఉందో చూసుకుని ఎంచుకుంటారు. మధ్యలో ఎన్ని నెట్‌వర్క్‌లు ఉన్నాయో చూస్తారు కానీ ఎన్ని సముద్రాలు ఉన్నాయో చూడరు.

నా లైన్ మంచిదే, దారి ఒక్కటే తప్పు అని రుజువు చేయడానికి ఒక నెల వీపీఎన్ కొన్నాను. అది మన ట్రాఫిక్‌ను ముందు తన సర్వర్‌కు చేర్చి, అక్కడి నుంచి బయటికి పంపే సేవ. ముంబయిలోనే బయటికి తీసే సర్వర్ ఎంచుకున్నాను. రాత్రి తొమ్మిదికి వీపీఎన్ లేకుండా 134, పెడితే 47. అదే ఇల్లు, అదే ఫైబర్, అదే నిమిషం. అలాగే ఆడుకోవచ్చు కదా అన్నాడు బెంగళూరు వాడు. నెలనెలా నెట్ బిల్లు కట్టి, ఆ నెట్‌ను సరిదిద్దుకోవడానికి ఇంకో బిల్లు కట్టడం నాకు ఒప్పలేదు.

సాయం అనుకోని చోటు నుంచి వచ్చింది. మా పై వాటాలో అద్దెకు ఉంటున్న అమ్మాయి ముంబయిలోని ఒక సంస్థకు ఇంటి నుంచే రాత్రి షిఫ్టులో పనిచేస్తుంది. మెట్ల దగ్గర కలిసినప్పుడు, "మాస్టారూ, మీకు కూడా రాత్రుళ్ళు నెట్ బరువుగా ఉంటోందా?" అని అడిగింది. బరువు అన్న మాట నాకు బాగా నచ్చింది. ఆఫీసు కంప్యూటర్‌లోకి దూరం నుంచి ప్రవేశించి పనిచేస్తుంటే, తను టైపు చేసిన అక్షరం కాస్త ఆగి పడుతోందట. మా వీధి మొత్తానికీ కనెక్షన్ ఒకటే. ఆమె గదిలో నా ల్యాప్‌టాప్ పెట్టి చూస్తే ఆమె సంస్థ సర్వర్‌కు కూడా ఎస్ఐఎన్ మీదుగానే దారి కనిపించింది. ఇక ఇది ఒక్క ఆటకు సంబంధించిన గోల కాదు.

అప్పటికి నా ఫిర్యాదులు మూడు మూసేశారు. మూడుసార్లూ "మీ సమస్య పరిష్కారమైంది" అని సందేశం వచ్చింది, మూడుసార్లూ ఏదీ పరిష్కారం కాలేదు. అయితే వాటిలో ఒకదానిలో నా పొరపాటు కూడా ఉంది. ఆరో వరసలో చుక్కలు వచ్చాయని చెప్పాను కదా, అక్కడ ప్యాకెట్లు పోతున్నాయని గట్టిగా రాశాను. అది తప్పు. చాలా రౌటర్లు ఇలాంటి తట్టుళ్ళకు జవాబివ్వడం తక్కువ పనిగా చూస్తాయి, లేదా అసలు ఇవ్వవు. దాని తర్వాతి వరసలు నిక్షేపంగా జవాబిస్తుంటే మధ్యలో ఒకటి మౌనంగా ఉండటం జబ్బు కాదు. నష్టం ఒక వరసలో మొదలై చివరిదాకా కొనసాగితేనే లెక్క. తెలిసినవాళ్ళు ఎవరైనా ఆ ఫిర్యాదు చదివి ఉంటే అక్కడే పక్కన పెట్టేసి ఉంటారు. ఫిర్యాదులో ఒక్క తప్పు మాట ఉంటే పది ఒప్పు మాటలు కూడా వీగిపోతాయి.

టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2012లో తెచ్చిన ఫిర్యాదుల నిబంధనల ప్రకారం, ఇచ్చిన పరిష్కారం నచ్చకపోతే కంపెనీలోనే ఉండే అప్పీలేట్ అథారిటీకి అప్పీలు చేసుకోవచ్చు. 30 రోజుల లోపు చేయాలి, రుసుము ఉండదు, 39 రోజుల్లో తేల్చాలి. ఇందుకు మన దగ్గర ఉండాల్సింది డాకెట్ నంబరు, అంటే ఫిర్యాదుకు ఇచ్చే నంబరు. ఫోన్ పెట్టేసే ముందు ఆ నంబరు అడిగి రాసుకోవడం అలవాటు చేసుకున్నాను కనుక మూడూ నా దగ్గర ఉన్నాయి.

ఈసారి కోపం పూర్తిగా తీసేసి రాశాను. ఏడు రోజులు, రోజుకు రెండుసార్లు, ఉదయం పదకొండుకు, రాత్రి తొమ్మిదికి, ఒక్కోసారి పది నిమిషాల పాటు దారిని కొలిచి పట్టిక వేశాను. పగలు హైదరాబాద్ మీదుగా ముంబయి, 36. రాత్రి చెన్నై, సింగపూర్ మీదుగా ముంబయి, 134. పక్కనే వీపీఎన్‌తో 47. కింద పై వాటా అమ్మాయి కొలతలు, ఆమె అనుమతితో ఆమె కనెక్షన్ నంబరు. అడిగింది ఒకే ఒక్కటి: దీన్ని మీ నెట్‌వర్క్ విభాగానికి చూపించండి. ఆట అన్న మాటను ఒక్కసారే వాడాను.

పన్నెండో రోజు మధ్యాహ్నం క్లాసు ముగించి బయటికి వస్తుంటే ఫోన్ వచ్చింది. కంపెనీ నెట్‌వర్క్ విభాగం నుంచి ఒక ఇంజినీరు. "మీరు పంపిన పట్టిక చూశానండి. ఇంత శుభ్రంగా ఎవరూ పంపరు" అన్నారు ఆవిడ. వరండాలో స్తంభానికి ఆనుకుని నిలబడిపోయాను. రెండు నెలల్లో ముంబయి అన్న మాటకూ సింగపూర్ అన్న మాటకూ తేడా అడగని మొదటి మనిషి ఆవిడ. రాత్రి ఎనిమిది నుంచి పదకొండు దాకా తమ ముంబయి లింకు నిండిపోతోందనీ, జూన్‌లో కొన్ని చిరునామాలను వేరే పెద్ద నెట్‌వర్క్ వైపు మళ్ళించారనీ, ఆ నెట్‌వర్క్ వాటిని సింగపూర్‌లో అప్పగిస్తోందని తమకు తట్టలేదనీ చెప్పారు. "లింకు నిండితే అందరికీ ఇబ్బంది కదండీ, అందుకని చేశాం" అన్నారు. ఆ మాట న్యాయమైనదే.

"రాత్రి తొమ్మిదికి లైనులో ఉండగలరా?" అని అడిగారు. ఉన్నాను. ఆవిడ ఫోన్‌లో ఒక్కో మార్పు చెబుతుంటే నేను తెర మీద అంకెలు చదువుతున్నాను. 134, 135, 134. ఒక వరసలో జవాబు రాలేదు. తర్వాత 86. ఇద్దరం ఆగిపోయాం. నేను 36 వస్తుందనుకున్నాను. ఆవిడ కాసేపు మౌనంగా ఉండి, "వెళ్ళే దారి సరిపోయిందండి, వచ్చే దారి ఇంకా అటే తిరుగుతోంది" అన్నారు.

ఈ సంగతి నాకు పుస్తకంలో తెలుసు, అనుభవంలో తెలియదు. వెళ్ళే దారి, వచ్చే దారి ఒకటే కానక్కరలేదు. మనం చూసే ట్రేస్‌రూట్ వెళ్ళేదాన్నే చూపిస్తుంది. జవాబు ఏ దారిన తిరిగి వస్తుందో అవతలి నెట్‌వర్క్ ఇష్టం. వెళ్ళేటప్పుడు హైదరాబాద్ మీదుగా పోయి, వచ్చేటప్పుడు సింగపూర్ మీదుగా వస్తే సగం ఆలస్యం మిగులుతుంది. 36కూ 134కూ సరిగ్గా మధ్యలో 85. ఆ అంకె చూసి ముందే గ్రహించవలసింది. దాన్ని సరిచేయాలంటే అవతలివాళ్ళు వినేలా మా కంపెనీ తన చాటింపు మార్చాలి, వాళ్ళు ఒప్పుకోవాలి. దానికి మూడు రోజులు పట్టింది. ఆ మూడు రోజులూ ఆవిడ రోజూ సాయంత్రం ఒక సందేశం పంపారు. మూడో రాత్రి 9 గంటల 20 నిమిషాలకు నా మూడో కిటికీలో 37 పడింది. పై వాటా అమ్మాయికి ఫోన్ చేస్తే, "ఇప్పుడే తేలికైంది మాస్టారూ" అంది.

ఆ ఆగస్టులోనే వాళ్ళు ముంబయి లింకును పెంచారు. అంతకు ముందు ఎంతమందికి తమ కష్టం ఏమిటో తెలియకుండా, "నెట్ బాగానే ఉంది" అన్న జవాబు విని ఊరుకున్నారో అని ఇప్పుడు కూడా అనిపిస్తుంది. కాకినాడలో ఆ కంపెనీ కనెక్షన్ ఉన్న ఇళ్ళలో మా ఒక్క వీధే ఇలా ఉండి ఉండదు కదా.

విశాఖలో సముద్రగర్భ కేబుళ్ళు దిగే కేంద్రం కూడా కడతామని 2025 అక్టోబరులో గూగుల్ ప్రకటించినప్పుడు, ఇక మన పింగ్ తగ్గుతుందా అని మా విద్యార్థులు అడిగారు. కేబుల్ దిగినంత మాత్రాన తగ్గదని చెప్పాను. ఆట సర్వర్ ముంబయిలో ఉన్నంతకాలం మనకు కావలసింది మన ఊళ్ళ మధ్య, మన కంపెనీల మధ్య ఖాళీ ఉన్న లింకులు.

అంతకు నెల ముందు, సెప్టెంబరు 6న ఎర్ర సముద్రంలో జెడ్డా దగ్గర కేబుళ్ళు తెగాయి. మర్నాడు ఆదివారం లండన్ వాడు ఆటలోకి వచ్చీ రాగానే తడబడ్డాడు. మామూలుగా 120 దాకా ఉండే వాడి పింగ్ 230 దాటింది. నాలుగు రౌండ్లయ్యాక, "మీరు ఆడండిరా, నేను విని పడుకుంటాను" అన్నాడు. ఆ గొంతు నాకు బాగా తెలుసు. జూన్‌లో అది నా గొంతే. "పడుకోవద్దు, కమాండ్ విండో తెరువు" అన్నాను. వాడు ఒక్కో వరసా చదువుతుంటే నేను కాగితం మీద రాసుకున్నాను. ఈసారి ఎవరినీ అడగడానికి లేదు. ఓడ వచ్చి, తెగిన చోటు వెతికి, కేబుల్‌ను పైకి లాగి అతుకు వేయాలి. అదే చెప్పాను. "అయితే నన్ను వెనక కాపలా పెట్టండి, ముందుకు పంపకండి" అన్నాడు. వాడిని వెనక పెట్టుకునే ఆ రాత్రి పదకొండున్నర దాకా ఆడాం.